మినిట్స్ పుస్తకంలో మన పేరు

(స్వచ్ఛంద సంస్థల పాలకవర్గ సభ్యుల శిక్షణ సమావేశంలో, అనంతపురంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కదిరి, కళ్యాణదుర్గం, రాయదుర్గం, గుంతకల్లు వైపుల నుంచి పొద్దున్నే బస్సులెక్కి వచ్చిన పాలకవర్గ సభ్యులందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం ‘సామాజిక న్యాయం కోసం పనిచేసే సంస్థల్లో పాలకవర్గ సభ్యుల బాధ్యతలు’. బాధ్యతల జాబితా కావాలంటే అది మీ సంస్థ నియమావళిలోనే ఉంటుంది. రిజిస్ట్రేషన్ రోజున సంతకం పెట్టిన తర్వాత దాన్ని మళ్ళీ తెరిచి చూసినవాళ్ళు మనలో తక్కువే అయి ఉంటారు. నేనూ తెరవలేదు. గ్రామీణ బ్యాంకులో ముప్పై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేసి, క్యాష్‌లో ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని సరిచూసుకున్న మనిషిని, పదవీ విరమణ తర్వాత ఒక సంస్థకు కోశాధికారిగా ఒప్పుకొని, ఐదేళ్ళపాటు ఆ సంస్థ నియమావళి మొహం చూడలేదు. కాబట్టి నేను చెప్పబోయే దాంట్లో ఎక్కువ భాగం నా తప్పుల నుంచి నేర్చుకున్నదేనని ముందే మనవి చేసుకుంటున్నాను.

అసలు మనం ఈ పాలకవర్గాల్లోకి ఎట్లా వచ్చామో గుర్తు చేసుకుందాం. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి. పల్లెల్లో పని మొదలుపెట్టిన ఒకాయన ఉంటాడు. ఆయనకు పట్టుదల ఉంటుంది, మోటార్ సైకిల్ ఉంటుంది, ఏడుగురు మాత్రం ఉండరు. అప్పుడు ఆయన భార్య, బావమరిది, కాలేజీలో ఆయనకు చదువు చెప్పిన లెక్చరర్, తెలిసిన లాయరు, ఊళ్ళో మందుల షాపు యజమాని, నాబోటి విశ్రాంత ఉద్యోగి ఒకరు, కాలనీ నుంచి ఒక మహిళ, ఇట్లా ఏడు పేర్లు పూర్తవుతాయి. ‘మీరు పేరిస్తే చాలు సార్, పనంతా మేం చూసుకుంటాం’ అని మనతో అంటారు. అందులో మోసమేమీ లేదు, మన మీద గౌరవంతోనే అంటారు. కానీ పేరిచ్చి పని వదిలేసే ఒప్పందం మొదటి రోజే కుదిరిపోయిందని మనకు తట్టదు. చట్టం దృష్టిలో మాత్రం ఆ సంస్థ చేసిన ప్రతి పనికీ, చేయని ప్రతి పనికీ జవాబుదారులం మనమే.

సంస్థ సొసైటీయా, ట్రస్టా, కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభం కోసం కాకుండా పెట్టిన కంపెనీయా అన్నదాన్ని బట్టి కొన్ని నియమాలు మారతాయి. వాటి జోలికి ఇప్పుడు పోను, ఒక్క తేడా మాత్రం చెప్తాను. ట్రస్టులో ధర్మకర్తల పైన అడిగేవాళ్ళు సాధారణంగా ఉండరు, దస్తావేజు ఎట్లా రాసుకుంటే అట్లా నడుస్తుంది. సొసైటీలో పాలకవర్గం పైన సర్వసభ్య సమావేశం ఉంటుంది, ఏడాదికి ఒకసారైనా దాని ముందు లెక్కలు పెట్టాలి. అయితే సర్వసభ్యులంటే పాలకవర్గంలోని ఆ ఏడుగురే అయినప్పుడు, వాళ్ళే వాళ్ళను ఎన్నుకొని, వాళ్ళ లెక్కలు వాళ్ళే ఆమోదించి, వాళ్ళకు వాళ్ళే ధన్యవాదాలు చెప్పుకొని ఇళ్ళకు వెళ్ళిపోతారు. మన జిల్లాలో ఇట్లా ధన్యవాదాలతో ముగిసిన సర్వసభ్య సమావేశాలు నేను చాలా చూశాను, కొన్నిటిలో ఆ ధన్యవాదాలు చెప్పింది నేనే.

ఇప్పుడు నా కథకు వస్తాను.

2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించిన సంగతి మీకందరికీ తెలుసు. ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీ చేసే హక్కును గ్రామసభకు ఇచ్చింది. అదే ఏడాది మన రాష్ట్రంలో ఆ తనిఖీలు పెద్ద ఎత్తున మొదలయ్యాయి. మస్టర్లలో, అంటే కూలీల హాజరు పట్టీల్లో, ఉన్న పేర్లు ఊళ్ళో గట్టిగా చదవడం, ‘ఈ కూలి నీకు ముట్టిందా’ అని ఇంటింటికీ పోయి అడగడం, చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ తేల్చడం, ఈ పద్ధతి మన కూలీలకు బాగా అలవాటైన విషయం. మా సంస్థ పని కూడా దాదాపుగా అదే. వలస పోయినవాళ్ళ పేర్లతో, ఒక్కోసారి చనిపోయినవాళ్ళ పేర్లతో సైతం రాసిన మస్టర్లను మా కార్యకర్తలు పట్టుకునేవాళ్ళు. ‘బెంగుళూరులో ఉన్న మనిషి ఇక్కడ గుంత ఎట్లా తవ్వినాడు?’ అని ప్రజావేదికలో వాళ్ళు అడిగితే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. వెనక వరుసలో కూర్చుని నేనూ కొట్టేవాణ్ణి.

మా పాలకవర్గంలో ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. పొదుపు సంఘంలో నేర్చుకున్నంత చదువు వచ్చు, ఆ సంఘానికి కొన్నేళ్ళు లీడరుగా కూడా చేసింది. విదేశీ విరాళాల అనుమతిని పునరుద్ధరించుకోవడానికి కాగితాలు సిద్ధం చేస్తున్న రోజు మేమిద్దరం ఆఫీసులోనే ఉన్నాము. నేను ఓచర్లు చూసుకుంటున్నాను. ఆమె ఊరికే కూర్చోలేక బల్ల మీద ఉన్న మినిట్స్ పుస్తకం, అంటే సమావేశాలకు ఎవరొచ్చారో ఏం తీర్మానించారో రాసే పుస్తకం, తీసుకుని, వేలు తడి చేసుకుంటూ, పేజీలు తిప్పుతూ, తన పేరు ఎక్కడెక్కడ ఉందో వెతుక్కుంటోంది. ఒక పేజీ దగ్గర ఆగి, పుస్తకాన్ని కిటికీ వెలుతురుకు తిప్పి, ‘సార్, ఈ సంతకం నేను పెట్టింది కాదే’ అన్నది. మరిచిపోయి ఉంటావులే అన్నాను. ‘యాడ మర్చిపోయేది సార్, ఆ నెలంతా నేను బెంగుళూరులో కదా ఉన్నింది, బిల్డింగు పనికాడ. మీకు ఫోన్ కూడా చేసింటిని, మీటింగుకు రాలేనని.’ అప్పుడు ఆ పుస్తకం నా చేతికిచ్చి, కోపం ఏమీ లేకుండా, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు, ‘మస్టర్లో కూడా ఇట్లనే కదా సార్ రాసేది?’ అన్నది.

నేను ఆ పేజీని, దాని ముందరి రెండు పేజీలనూ చూశాను. తొమ్మిది నెలల కాలంలో జరిగినట్టు రాసిన మూడు సమావేశాలు ఒకే నీలి పెన్నుతో, ఒకే దస్తూరితో, ఒకే ఒత్తుతో ఉన్నాయి. మూడింటిలోనూ టీ ఖర్చు కూడా ఒకటే. ఆడిటర్ వచ్చే ముందు రోజు రాత్రి మా అకౌంటెంటు కుర్రవాడు కూర్చుని రాసిన మినిట్స్ అవి. సమావేశాలు జరగలేదు కాబట్టి రాయాల్సింది అతనికి తెలియదు, అందుకని పాత తీర్మానాలనే మాటలు మార్చి రాశాడు. ఆమె సంతకం అతనే పెట్టాడు. నా సంతకం మాత్రం నాదే. చదవకుండా, నిలబడే, బస్సుకు టైమవుతోందని పెట్టిన సంతకం. బ్యాంకులో నా కింద పనిచేసిన గుమాస్తా ఎవరైనా ఇట్లాంటి పని చేసి ఉంటే నేనే అతనికి మెమో ఇచ్చి ఉండేవాణ్ణి.

ఆ పేజీలు చింపేద్దామన్న సలహా మాకు వచ్చింది. ఎవరిచ్చారో చెప్పను, మంచి మనసుతోనే ఇచ్చారు. చింపలేదు. పాలకవర్గాన్ని నిజంగా పిలిచి, ఆ మూడు సమావేశాలూ జరగలేదని, ఆ సంతకాల్లో కొన్ని సభ్యులవి కావని, వాటిలోని తీర్మానాలు చెల్లవని కొత్త తీర్మానం రాసి, ఆడిటర్‌కు ఉత్తరం పెట్టాము. ఆడిటర్ విసుక్కున్నాడు. కాగితాలు ఆలస్యమయ్యాయి, సిబ్బందికి రెండు నెలలు జీతాలు సకాలంలో ఇవ్వలేకపోయాము, అందుకు వాళ్ళ తిట్లూ తిన్నాము. ఆ కుర్రవాణ్ణి తీసేయాలని ఇద్దరు సభ్యులు పట్టుబట్టారు. రాయమన్నది మనం, రాయించుకున్నది మనం, జీతగాణ్ణి బలిపెట్టి మనం కడుక్కోవడం ఏమిటని ఆ అక్కే అడ్డుపడింది. అతను ఉన్నాడు, ఇప్పుడు తేదీ లేని కాగితం మీద నన్ను సంతకం పెట్టనివ్వడు.

తర్వాత ఆమె ఒక ప్రతిపాదన తెచ్చింది: ఊళ్ళలో పంచాయతీ లెక్కలు చదివిస్తాము కదా, మన లెక్కలు కూడా మనం పనిచేసే ఊళ్ళలో చదవాలి. పాలకవర్గంలో చదువుకున్నవాళ్ళమందరం ఏదో ఒక అభ్యంతరం చెప్పాము. జీతాలు తెలిస్తే గొడవలవుతాయని ఒకరు, ప్రత్యర్థులు వాడుకుంటారని ఒకరు, వాళ్ళకు బ్యాలెన్స్ షీట్ అర్థం కాదని నేను. నా అభ్యంతరమే అన్నిటికన్నా తెలివితక్కువది. పొదుపు సంఘాల మహిళలు పంచసూత్రాలని వల్లె వేస్తారే, క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, సక్రమమైన పుస్తకాల నిర్వహణ, వీటిలో మొదటిదీ చివరిదీ మా సంస్థలో లేనివి. అక్షరం రాకపోయినా ఎవరెంత కట్టారో నోటికి చెప్పగల మహిళలకు లెక్కలు అర్థం కావని, మినిట్స్ చదవకుండా సంతకం పెట్టిన నేను అన్నాను.

మొదటిసారి ఒక బడి వరండాలో చదివాము. ఆదాయం ఎక్కడి నుంచి ఎంత, జీతాలు ఎంత, శిక్షణలకు ఎంత, జీపుకు ఎంత, స్కెచ్ పెన్నుతో నాలుగు చార్టుల మీద రాసి గోడకు అంటించాము. జీతాల చార్టు దగ్గర పెద్దగా ఎవరూ ఆగలేదు. ‘ఇంత తక్కువకు ఎట్లా చేస్తాండారప్పా’ అని ఒకామె మా కార్యకర్తను పరామర్శించింది కూడా. జీపు దగ్గర మాత్రం ఒక ముసలాయన లేచి నిలబడి, ఏడాదికి డీజిలు ఇంత అయింది కదా, మా ఊరికి జీపు ఎన్నిసార్లు వచ్చిందో చెప్పమన్నాడు. లాగ్‌బుక్ తెప్పించి చూస్తే ఆ ఊరికి వచ్చింది నాలుగుసార్లు. విరాళాలిచ్చే సంస్థల అతిథులను తీసుకురావడానికి, దింపడానికి బెంగుళూరు విమానాశ్రయానికి పోయింది పదకొండుసార్లు. ‘అయితే మా కోసం కాల్చిన డీజిలు కంటే చుట్టాల కోసం కాల్చిందే ఎక్కువ’ అన్నాడాయన. ఆ వాక్యం మా ఆడిట్ నివేదికలో ఎన్నడూ రాలేదు, రాదు కూడా. ఆడిటర్ డీజిలు బిల్లు ఉందా లేదా చూస్తాడు. జీపు ఎవరి కోసం తిరిగిందో చూడవలసింది పాలకవర్గం.

చట్టాల సంగతి కొద్దిగా చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే వాటికి మధ్యాహ్నం వేరే తరగతి ఉంది. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలకు, ఆ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో పరిపాలనా ఖర్చుల పరిమితి సగం నుంచి ఐదో వంతుకు తగ్గింది, ఒక సంస్థ తెచ్చుకున్న విదేశీ నిధిని ఇంకొక సంస్థకు ఇచ్చే వీలు పోయింది, డబ్బు మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. ఆఫీసు బేరర్ల గుర్తింపుగా ఆధార్ గానీ పాస్‌పోర్టు గానీ ఇవ్వాల్సి ఉంటుంది. అంటే ‘పేరిస్తే చాలు’ అన్న కాలం కాగితాల మీదైనా ముగిసింది. ఆదాయపు పన్ను మినహాయింపు కోసం చేసుకునే రిజిస్ట్రేషన్ ఒకసారి వస్తే శాశ్వతమన్న భరోసా కూడా 2021లోనే పోయింది. వీటికన్నా మన ఊళ్ళలో ఎక్కువగా వచ్చే చిక్కు ఒకటుంది. సంస్థ ఆఫీసు కార్యదర్శిగారి బావమరిది మేడ మీద ఉంటుంది, అద్దె వాళ్ళే నిర్ణయిస్తారు. చుట్టాల ఇల్లు అద్దెకు తీసుకోవడం నేరం కాదు, కానీ అద్దె చుట్టుపక్కల రేటుకు మించితే సంస్థ పన్ను మినహాయింపుకే ముప్పు. అందుకని మేము పెట్టుకున్న నియమం చిన్నది: ఎవరి చుట్టరికం గురించి చర్చ వస్తే వాళ్ళు ఆ చర్చ అయ్యేదాకా బయటికి పోయి టీ తాగి రావాలి, బయటికి పోయినట్టు మినిట్స్‌లో రాయాలి. మొదట్లో ఇది అవమానంగా తోచింది. ఇప్పుడు ఆ టీ గురించి జోకులేసుకుంటాము.

సమాచార హక్కు దరఖాస్తులు మనవాళ్ళు చాలా పెడతారు. ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే స్వచ్ఛంద సంస్థలు కూడా ఆ చట్టం కిందికి వస్తాయని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఆఫీసుకు దరఖాస్తు వచ్చిన రోజున మనం కూడా తాసీల్దారు ఆఫీసులాగా గడువు ముగిసే ముప్పయ్యో రోజు దాకా ఆగుతామా అన్నది ఇంటికి పోయి ఆలోచించండి.

ఇంతకన్నా కష్టమైన విషయం సమావేశపు గదిలో ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నది. వివక్షకు వ్యతిరేకంగా పనిచేసే సంస్థ కాబట్టి మన గదిలో కులం లేదని మనం అనుకుంటాము. మా గదిలో ఆరు చేతుల కుర్చీలు, తలుపు దగ్గర ఒక బెంచీ ఉండేవి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. అయినా ఆ అక్క ప్రతిసారీ బెంచీ మీదే కూర్చునేది, సుగాలి తండా నుంచి వచ్చే సభ్యుడు ఆమె పక్కన కూర్చునేవాడు, లాయరుగారూ లెక్చరరుగారూ నేనూ ఎన్నడూ పొరపాటున కూడా ఆ బెంచీ మీద కూర్చోలేదు. పుస్తకం సంగతి జరిగిన తర్వాత గానీ ఇది నా కంట పడలేదు. బెంచీ తీయించి ఇంకో నాలుగు కుర్చీలు వేయించాము. దానితో అంతా మారిపోయిందని చెప్పను. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నంతకాలం కుర్చీ ఎక్కడున్నా ఒకటే. ఎజెండా, లెక్కలు తెలుగులో రాసి వారం ముందు చేర్చడం, అవి చదవలేనివాళ్ళ ఇంటికి పోయి కార్యకర్త వినిపించి రావడం మొదలుపెట్టాక మాట్లాడేవాళ్ళు పెరిగారు. ఇంకొకటి, మేము సమావేశం పెట్టిన రోజు నాకు పెన్షన్ పోదు, లెక్చరరుగారికి జీతం పోదు, ఆమెకు మాత్రం ఆ రోజు కూలి పోతుంది. ఉచిత సేవ అన్న మాట అందరి నోటా ఒకే బరువుతో పలకదు. బస్సు చార్జీ, పోయిన కూలి సంస్థ ఇచ్చేటట్టు తీర్మానం చేసుకున్నాము. వేరుశనగ కాయలు పీకే రోజుల్లో సమావేశాలు పెట్టడం మానుకున్నాము.

చివరిగా ఒత్తిళ్ళ గురించి. మన సంస్థలు ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదు చేయించినప్పుడు మొదటి ఫోన్ కార్యకర్తకు రాదు, పాలకవర్గ సభ్యుడికి వస్తుంది. మందుల షాపు ఆయనకు అప్పిచ్చిన వ్యాపారి చేస్తాడు, లాయరుగారికి ఆయన కక్షిదారు చేస్తాడు, నాకు బ్యాంకులో నాతో పాటు పనిచేసిన పాత మిత్రుడు చేశాడు. ఎవరూ బెదిరించరు. ‘ఊళ్ళో రేపటికీ అందరూ కలిసి బతకాల గదా, నువ్వు పెద్దమనిషివి, కూర్చోబెట్టి మాట్లాడు’ అంటారు. పెద్దమనిషి అన్న ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలియదు. నేను ఒకసారి దానికి లొంగి, ఫిర్యాదు చేసిన కుటుంబానికి చెప్పకుండా, కార్యకర్తకు చెప్పకుండా అవతలి పక్షం ఇంటికి పోయి కాఫీ తాగి వచ్చాను. తెల్లారేసరికి ఊళ్ళో ‘సంస్థ రాజీకి ఒప్పుకుంది’ అని పాకిపోయింది. ఫిర్యాదు చేసిన కుటుంబం ఇంటి ముందు నిలబడి ధైర్యం చెప్పిన మా కార్యకర్త ఆ రోజు వాళ్ళ ఇంట్లోకి పోలేకపోయింది.

అప్పటి నుంచి మా నియమావళికి ఒక వాక్యం చేర్చుకున్నాము. నడుస్తున్న కేసు గురించి ఏ సభ్యుడూ ఒంటరిగా అవతలి పక్షంతో మాట్లాడకూడదు, ఫోన్ వస్తే ఆ రోజే కార్యదర్శికి చెప్పాలి, బాధిత కుటుంబం అడగని రాజీ మాట సంస్థ నోట రాకూడదు. సభ్యుడిగా మన పలుకుబడి వాడదలిస్తే దానికి చోట్లు వేరే ఉన్నాయి. అత్యాచారాల నిరోధక చట్టం కింద చేసిన 1995 నియమాల ప్రకారం కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలి, మూడు నెలలకు ఒకసారైనా అది సమావేశం కావాలి, స్వచ్ఛంద సంస్థలతో సంబంధం ఉన్నవాళ్ళను కూడా అందులో సభ్యులుగా తీసుకోవచ్చు. ఆ సమావేశం ఎప్పుడు జరిగిందని ఉత్తరం రాయడానికి, పరిహారం ఎందుకు ఆగిందని అడగడానికి నాలాంటి తెల్లచొక్కా ముసలివాడు పనికొస్తాడు. కాఫీలకు పనికిరాడు.

మాట పొడిగిస్తున్నానని అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. వ్యవస్థాపకుల గురించి కూడా చెప్పాలనుకున్నాను. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు మన అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) 2009లో ఆయన కన్నుమూసిన తర్వాత కూడా పని సాగించిందంటే, ఆయన ఉండగానే బాధ్యతలు పంచుకున్న మనుషులు ఉండబట్టేనని నా అభిప్రాయం. మీ పెద్దసారు రేపు మంచాన పడితే చెక్కు మీద సంతకం ఎవరు పెడతారో, బీరువా తాళం ఎక్కడుందో మీలో ఎంతమందికి తెలుసో భోజనాల దగ్గర ఒకరినొకరు అడుక్కోండి.

మిమ్మల్ని రమ్మన్నప్పుడు మినిట్స్ పుస్తకాలు వెంట తెచ్చుకోమని చెప్పాము. భోజనం కాగానే అవి తెరిచి, గడిచిన రెండేళ్ళ పేజీల్లో మీ పేరున్న చోటల్లా ఆ రోజు మీరెక్కడ ఉన్నారో పెన్సిలుతో పక్కన రాయాలి. మా సంస్థ పాత పుస్తకాన్ని నేనూ తెచ్చాను, ఆ కిటికీ పక్క బల్ల మీద ఉంది. నీలి పెన్ను పేజీలకు గుర్తుగా పసుపు కాగితం పెట్టాను. చూడదలచుకున్నవాళ్ళు చూడవచ్చు.